వేలిముద్ర వేసిన మాట

మా నాయన ఊరి మంగలి. కంబదూరు నుంచి మట్టి రోడ్డు మీద నాలుగైదు మైళ్ళు లోపలికి పోతే మా ఊరు వస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు, ఎనభైల మొదట్లో, వానలు మొహం చాటేయడం అది వరుసగా మూడోసారి. వేసిన వేరుశనగ జానెడు ఎత్తు రాకుండానే ఆకు ముడుచుకుంది. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు మట్టిపనికి బెంగుళూరు దారి పట్టారు. వాళ్ళకు ఉత్తరం రాయించాలంటే ఇంటి ఆడవాళ్ళు కార్డు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. నా అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయని ఊరంతా పేరు. పోస్టుమ్యాన్ కూడా కార్డు చూసి ఇది ఎవరు రాసిందో చెప్పేసేవాడు. అప్పట్లో అది నాకు గొప్పగానే ఉండేది.

మా నాయన పొద్దున్నే కత్తులూ కత్తెరలూ పెట్టుకునే తోలు సంచి, మా ఇళ్ళల్లో దాన్ని అడపం అంటారు, చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పెద్దిళ్ళ వాళ్ళు అరుగు మీద కూర్చుంటే ఆయన మెట్టు మీద గొంతుక్కూర్చుని పని చేసేవాడు. పంట కాలంలో కళ్ళాల దగ్గర ఇచ్చిన గింజలే మా తిండి. ఊరికి తూర్పున వాగు దాటితే హరిజనవాడ. అక్కడికి మాత్రం ఆయన ఎన్నడూ పోలేదు. పోవద్దని ఎవరూ చెప్పగా నేను వినలేదు. మా తాత పోలేదు, ఆయన తండ్రీ పోలేదు. ఇంట్లో ఆ మాటే వచ్చేది కాదు.

ఆ ఏడు మా బడికి కొత్త సోషల్ సారు వచ్చాడు. చిలమత్తూరు వైపు మనిషి, మాట్లాడుతుంటే మధ్యమధ్య కన్నడం దొర్లేది. పెళ్ళి కాలేదు. బడి వెనక గది అద్దెకు తీసుకుని ఒక్కడే వండుకునేవాడు. వచ్చిన వారంలోనే మా బెంచీలు మార్చేశాడు. అంతకుముందు వాడ పిల్లలు గోడవారగా, చివర కూర్చునేవాళ్ళు. ఆయన అందరినీ హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టాడు. అలా నా పక్కకు వాడ నుంచి వచ్చే ఒక పిల్ల వచ్చింది. తరగతిలో మేం ముగ్గురమే ఆడపిల్లలం. అయినా అంతవరకు ఆ పిల్లతో నేను పది మాటలు మాట్లాడి ఉండను. తక్కువ మాట్లాడేది, లెక్కలు మాత్రం నాకంటే ముందు చేసేది.

పంద్రాగస్టు కవాతుకు అబ్బాయిలంతా క్రాపు చేయించుకుని రావాలని హెడ్మాస్టరు ప్రార్థనలో చెప్పారు. సోమవారం వాడ నుంచి నలుగురు అబ్బాయిలు తలలు కత్తిరించుకుని వచ్చారు. ఒకచోట వెంట్రుకలు గుబురుగా, ఒకచోట చర్మం కనబడేలా. ఒకడికి చెవి వెనక గాటు పడి రక్తం గడ్డకట్టింది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సారు నవ్వలేదు. ఎవరు కత్తిరించారని అడిగాడు. వాళ్ళ తాత అని చెప్పాడు గాటు పడినవాడు. ఆ తాత గొర్రెలు కాసేవాడు. బొచ్చు కత్తిరించే కత్తెర ఇంట్లో ఉందట, దానితోనే చేశాడట. మంగలి దగ్గరికి ఎందుకు పోలేదని సారు అడిగాడు. వాడు చెవి వెనక గాటు తడుముకున్నాడు.

"మాకు చెయ్యరు సార్," అన్నాడు.

ముప్పై తలలు నా వైపు తిరిగాయి. నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. సారు నన్ను చూడలేదు. పుస్తకం మూసి, ఈరోజుకు చాలు, బయట ఆడుకోండి అన్నాడు.

మర్నాడు పౌరశాస్త్రం పుస్తకం తీయించి, అంటరానితనం పాటించడం నేరమని ఉన్న పేజీ నా పక్కన కూర్చున్న పిల్లతోనే చదివించాడు. చదవడం అయ్యాక, "ఈ పుస్తకం మన ఊరి కోసం కూడా అచ్చేసినారా, లేదా?" అని అడిగాడు. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో ఆ పేజీకి భిన్నంగా ఏం కనిపిస్తుందో వారం రోజులు రాసుకు రమ్మన్నాడు. ఎవరు ఎవరి గుమ్మం దాకా పోతారు, ఎవరికి నీళ్ళు పైనుంచి పోస్తారు, ఎవరు చెప్పులు చేతపట్టుకుని నడుస్తారు. రోజూ చూసేవే. కాగితం మీద రాసి పైకి చదువుతుంటే మాకు మేమే కొత్తగా కనిపించాం. కొందరు అబ్బాయిలు ఇళ్ళల్లో చెప్పి తిట్లు తిని, తర్వాత రాయడం మానేశారు.

తెలుగు వాచకంలో అధికారికి లేఖ రాయడం అని ఒక పాఠం ఉండేది. ప్రతి ఏడూ వీధి దీపం వెలగడం లేదని రాసి, మార్కులు వేయించుకుని, ఆ కాగితం మడిచి పెట్టుకోవడమే. సోషల్ సారు తెలుగు సారుతో మాట్లాడి, ఈసారి నిజం ఉత్తరం రాద్దాం, నిజంగానే పోస్టు చేద్దాం అన్నాడు. కల్యాణదుర్గం తాసిల్దారు గారికి. మా ఊళ్ళో కొందరికి క్షౌరం చేయకపోవడం గురించి.

ఒకడు లేచి మంగలి పేరు రాయాలన్నాడు. నేను తల దించుకున్నాను. మనిషి పేరు రాయకూడదు, ఇది ఆ మనిషి ఒక్కడి తప్పు కాదు, ఊరి ఆచారం అని రాయాలని సారు చెప్పాడు. తరవాత వరండాలో నన్ను ఆపి, సంతకం పెట్టకపోయినా తప్పు లేదన్నాడు. నేను పెట్టాను. న్యాయం కోసం పెట్టానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. తప్పుల్లేకుండా తిరగరాసే పని నాకిచ్చారు. అంత చక్కగా రాసిన కాగితం మీద నా పేరు లేకపోవడం నాకు నచ్చలేదు. అంతే.

నా పక్కపిల్ల సంతకం పెట్టలేదు. నలుగురు అబ్బాయిల్లో ఇద్దరే పెట్టారు. ఎందుకు పెట్టలేదని ఆ పిల్లను అడిగితే, నోటుపుస్తకంలో లెక్క చేసుకుంటూనే చెప్పింది.

"మమ్మల్ని ఎవురూ అడగల్యా. మీరు రాస్తారు. రేపు మా అమ్మను కూలికి పిలవకపోతే ఎవురికి రాయాల?"

పిరికిది అనుకున్నాను. సారుకు ఆ మాట చెప్పలేదు కూడా.

ఉత్తరాన్ని సారే కంబదూరు పోయి పోస్టు చేసి వచ్చాడు. పంద్రాగస్టు అయిపోయింది. వినాయక చవితి అయిపోయింది. తాసిల్దారు రాలేదు, జీపూ రాలేదు. మేం దాన్ని మరిచిపోయాం. ఆకాశంలో మబ్బు కమ్మేది, గంటసేపు అటూ ఇటూ తిరిగి కర్ణాటక వైపు వెళ్ళిపోయేది.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్, ఊరి పెత్తనమంతా చూసే మునసబు గారి ఇంటికి పొడుగాటి ఖాకీ కవరు తీసుకుపోయాడు. తాలూకా ఆఫీసు ముద్ర ఉన్న కవరు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, ఆ వారం నుంచి కార్డు పట్టుకుని మా ఇంటికి ఎవరూ రాకపోవడం. మొగుడు బెంగుళూరులో ఉన్న ఒకామె సగం ఉత్తరం చెప్పి, మిగతాది రేపు చెబుతానని పోయింది. ఆ కార్డు మా గూట్లో అట్లాగే ఉండిపోయింది. బోరింగు దగ్గర మా అమ్మ బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవట. ఏమైందని అడిగితే ఏం లేదనేవారట. అమ్మ ఇంటికొచ్చి, ఎవరింట్లోనైనా చావు కబురు వచ్చిందేమో కనుక్కోమంది నాయనతో.

రెండు రోజులకు బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే మునసబు ఇంటి జీతగాడు వచ్చి, అయ్య ఏదో చదివించుకోవాలంట, రమ్మంటాండాడు అని నన్ను పిలుచుకుపోయాడు.

మునసబు అరుగు మీద కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. గడ్డమంతా నురగ. నాయన కత్తి పట్టుకుని ఆయన గొంతు దగ్గర వంగి ఉన్నాడు. నన్ను చూసి, ఇక్కడికెందుకు వచ్చావన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. మునసబు కళ్ళు మూసుకునే, పక్కన బల్ల మీదున్న కాగితం తీయమన్నాడు.

అది మా ఉత్తరం. పైన మూలగా ఎర్రసిరాతో, విచారించి నివేదిక పంపవలెను అని రాసి, కింద పొట్టి సంతకం ఉంది. మేం తాసిల్దారుకు రాస్తే, ఆయన దాన్ని ఎవరి చేతిలో పెట్టాడో అప్పుడు అర్థమైంది.

"చదువు పాపా. మీ నాయనకు అచ్చరాలు రావు గదా, వింటాడు," అన్నాడు మునసబు.

చదివాను. మా గ్రామమందు అనాదిగా సాగుచున్న ఆచారము వలన అనే దగ్గర నాయన కత్తి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. నురగ తీసి కత్తిని ముంజేతికి రాసుకోవడం, మళ్ళీ పెట్టడం, అంతా రోజూలాగే. ఉత్తరం అయ్యాక కింద పేర్లు కూడా చదవమన్నాడు మునసబు. ఒక్కొక్క పేరూ చదివాను. పదిహేడో పేరు నాది. అదీ చదివాను.

"ఇంగొకతూరి చదువు. పేర్లు మాత్రం. నిదానంగా."

మళ్ళీ చదివాను. ఆయన కళ్ళు తెరవలేదు. ఒక్కో పేరుకూ కొంచెం తల ఊపాడు. ఆ తల ఊపడం చూస్తే, తిట్టినా బాగుండును అనిపించింది.

"అచ్చరాలు బాగుండాయి. కార్డుల మీద చూసినాంలే," అన్నాడు. తర్వాత నాయనతో అన్నాడు. "ఏమప్పా, ఆడికి పోవద్దని నేనెప్పుడన్నా చెప్పినానా?"

నాయన లేదన్నాడు.

"ఇంగెవురన్నా చెప్పినారా?"

"లేదు సామీ."

"అదే రాసినాను నేనూ," అని లోపలి నుంచి ఇంకో కాగితం తెప్పించి నాయనకు తనే చదివి వినిపించాడు. ఈ గ్రామమున ఎట్టి భేదములును పాటింపబడుట లేదు. గ్రామ మంగలినైన నేను అందరికిని భేదము లేక పని చేయుచున్నాను. ఇది నేను ఇష్టపూర్వకముగ చెప్పిన మాట. సిరా పెట్టె నాయన ముందుకు జరిపాడు. నాయన తువ్వాలుతో నురగ తుడుచుకుని, ఎడమ బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టాడు. తర్వాత సిరా అంటిన ఆ వేలితోనే మునసబు మీసం పట్టి కత్తిరించి సరిచేశాడు.

ఇంటికి వచ్చే దారంతా నాయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అమ్మే రెండు దెబ్బలు వేసి, తనే ఏడ్చింది. మూడు రోజులు ఆయన మామూలుగానే ఇళ్ళకు పోయి వచ్చాడు. నాలుగో రోజు పొద్దున కత్తులు నూరుకుంటూ, ఆ కాగితంలో ఏముందో నీకు గుర్తుందా అని అడిగాడు. చెప్పాను.

"అందరికీ అని ఉండాదా?"

"ఉండాది నాయనా."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది, అది తాలూకాకు పోయే కాగితం, వాళ్ళకు వాళ్ళు పంపుకునేది, మనకెందుకని. నాయన కత్తి అంచును వేలితో చూసుకున్నాడు.

"మా నాయన కాలం నుంచి ఎవురూ మమ్మల్ని ఒక మాట రాసియ్యమని అడగల్యా. ఇప్పుడడిగినారు. అబద్ధానికి అడిగినారు," అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

ఆదివారం పొద్దున అడపం చంకన పెట్టుకుని వాగు దాటాడు. నీళ్ళ గిన్నె పట్టుకుని రమ్మని నన్ను పిలిచాడు.

వాడలో మమ్మల్ని చూసి ఎవరూ సంతోషపడలేదు. అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నా పక్కపిల్ల ఒక గుడిసె ముందు తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడింది. గొర్రెల కత్తెర ఉన్న ఆ తాత ముందుకు వచ్చి నాయనకు దణ్ణం పెట్టాడు. మా తలలు ఇట్లనే ఉండనీ, మా మీదికి ఏం తేవద్దు, పొమ్మన్నాడు. నాయన ఒక బండ మీద కూర్చుని, సంచి విప్పి, కత్తులు బట్ట మీద పరిచాడు. ఎండ నెత్తికెక్కేదాకా అట్లాగే కూర్చున్నాడు. పిల్లలు దగ్గరికి రాబోతే తల్లులు వెనక్కి లాగేశారు. చివరికి తాతే వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. ఎప్పుడో ఒకనాడు చచ్చేవాణ్ణే, నీ కత్తి ఎట్లుంటాదో చూస్తాను అన్నాడు. నీళ్ళు రాసి గడ్డం మెత్తబరిచాక నాయన కత్తిని తాత గొంతు దగ్గర ఆపి, వెనక్కి తీసి మళ్ళీ నూరుకున్నాడు. మునసబు గొంతు మీద ఒక్క క్షణమే ఆగిన కత్తి అది. తాత తర్వాత ఆరేడు మంది కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. వాగుకు ఊరి వైపు గట్టున ఎవరో ఇద్దరు నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. పని అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

మర్నాడు నాయన పోయిన ప్రతి ఇంట్లో ఒకటే మాట. ఈరోజు వద్దులేప్పా. ఆ మర్నాడూ అదే మాట. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎందుకని చెప్పలేదు. ఆ వారంలో పక్క ఊరి మంగలి సైకిలు మీద రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు తెల్లవారి అమ్మ తలుపు తీస్తే గడప మీద వెంట్రుకల కుప్ప ఉంది. నల్లవి, నెరిసినవి, కలిసి. వాడలో కత్తిరించినవి ఎవరో ఏరి తెచ్చి పోశారు. అమ్మ చీపురుతో తోస్తుంటే గాలికి అవి ఇంట్లోకే వచ్చాయి. ఎన్నిసార్లు ఊడ్చినా పదిరోజుల పాటు తినే సంగటిలో ఒక్కో వెంట్రుక వచ్చేది.

వాడ వాళ్ళను బావి పూడిక పనికి పిలవలేదు. కరువులో ఆ ఒక్క పనే ఉంది. నా పక్కపిల్ల తల్లి రాళ్ళు కొట్టే పనికని గుంతకల్లు వైపు పోయింది. అప్పుడు ఆ పిల్ల బడి మానేసింది.

బడిలో సంతకాలు చేసినవాళ్ళ తండ్రులు ఒకరొకరుగా హెడ్మాస్టరు దగ్గరికి వచ్చారు. సారు బెదిరించి పెట్టించాడని పిల్లలతో చెప్పించారు. నన్ను కూడా పిలిచారు. బెదిరించలేదని చెప్పాను. ఇంకేమైనా అడుగుతారని నిలబడ్డాను, ఎవరూ అడగలేదు. నెల తిరిగేలోగా సారుకు బదిలీ వచ్చింది. ఆఖరి రోజు తరగతికి తొమ్మిది మందే వచ్చారు. ఆయన స్థానిక ప్రభుత్వాలు అనే పాఠం మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే ఏమంటానోనని భయపడ్డాడేమో.

మేం మాఘంలో ఊరు విడిచాం. నాయన చిన్నమ్మ కొడుకు రాప్తాడులో ఉండేవాడు, అక్కడికి. బస్సు కోసం నిలబడి ఉంటే నా పక్కపిల్ల పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. మోపు దించకుండానే ఆగింది.

"గొర్రెల తాతకు మళ్ళీ గడ్డం పెరిగింది. ఇప్పుడెవురు చేస్తారు?" అని అడిగింది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. నాయన విన్నాడు, చంకలోని అడపాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

రాప్తాడులో హైవే పక్కన రేకుల పంచ కింద నాయన ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకున్నాడు. లారీవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, సంతకు వచ్చినవాళ్ళు, ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చునేవారు. నువ్వెవరని ఎవరూ అడగరు. అది ధైర్యం కాదు, రోడ్డు మీద ఎవరికీ ఎవరూ తెలియకపోవడమే. నాయన మాత్రం చాలా కాలం దాకా కొత్త మనిషి వచ్చి కూర్చుంటే ముందు రోడ్డు అటూ ఇటూ చూసుకునేవాడు.

నేను అనంతపురంలో ఇంటర్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం సోషల్ సారు రాప్తాడులో మా పంచ ముందు బస్సు దిగాడు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడో, అనుకోకుండా కనిపించామో ఆయన చెప్పలేదు. సన్నబడిపోయాడు. బెంచీ మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాయనతో అన్నాడు.

"ఆరోజు నిన్ను అడక్కుండా రాయించినాను. తప్పు చేసినాను."

నాయన కుర్చీ తుడవడం ఆపలేదు.

"అడిగింటే వద్దనే అనింటాను సార్. వాడ వాళ్ళను అడిగింటే వాళ్ళూ వద్దనే అనింటారు. అప్పుడు మీరు ఏం చేసింటారు?"

సారు గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు. ఆ తర్వాత మేం ఆయన్ను చూడలేదు.

ఎనభైలు ముగిసేలోగా నేను టీచరునయ్యాను. అధికారికి లేఖ రాయడం అనే ఆ పాఠం చెప్పడం నాకు తేలిక కాదు. అయినా ఏ ఏడూ మానలేదు. పిల్లలతో ఏదైనా రాయించే ముందు, ఆ రాత ఎవరి బతుకు మీద పడుతుందో వాళ్ళ ఇళ్ళకు పోయి కూర్చుంటాను. ఇది రాస్తే ఇట్లా కావచ్చు అని ఉన్నదున్నట్టు చెబుతాను. కొన్నిచోట్ల రాయమంటారు. ఎక్కువచోట్ల, వద్దు టీచరమ్మా, మా పిల్లలకు పాఠం చెప్పు చాలు అంటారు. అట్లా అన్న రోజున, నాయన సారును అడిగిన ప్రశ్న నా ముందుంటుంది. ఆ రోజు పిల్లలతో వీధి దీపం గురించే రాయిస్తాను.